పింక్ ఫ్లాయిడ్: ఏ ఆల్బమ్‌లో ఎవరున్నారు?

ప్రశ్న: పింక్ ఫ్లాయిడ్ పాత ఆల్బమ్‌లకూ తర్వాతివాటికీ పోలికే ఉండదు. సభ్యులు మారడమే కారణమా?

జవాబు: చాలావరకు అంతే. 1965లో లండన్‌లో మొదలైన ఈ బృందానికి తొలి సారథి సిడ్ బారెట్. 1967 నాటి మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు అతనివే. మానసికంగా కుంగిపోయి, వేదికపై వాయించలేని స్థితికి రావడంతో గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌ను తీసుకున్నారు. 1968 ఏప్రిల్‌కల్లా బారెట్ తప్పుకున్నాడు. బారెట్, గిల్మోర్‌లతో కలిపి ఐదుగురు సభ్యులూ వినిపించే ఆల్బమ్ ఒక్కటే: 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్'.

తర్వాత పదేళ్లకు పైగా గిల్మోర్, రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్‌లదే రాజ్యం. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973) వీళ్లదే. క్రమంగా రచన వాటర్స్ గుప్పిట్లోకి వెళ్లింది. 'ది వాల్' (1979) రికార్డింగ్ సమయంలో అతని ఒత్తిడితో రైట్ సభ్యత్వం పోయింది. ఆ ఆల్బమ్ కచేరీల్లో రైట్ జీతానికే వాయించాడు. చిత్రమేమిటంటే, ఆ కచేరీల నష్టం మిగతా ముగ్గురి నెత్తిన పడింది, లాభపడింది రైట్ ఒక్కడే!

1985లో వాటర్స్ వెళ్లిపోయాడు. బృందం పేరు కోసం పెద్ద వివాదమే నడిచింది. చివరికి అది గిల్మోర్, మేసన్‌లకే దక్కింది. 'ది డివిజన్ బెల్' (1994) నాటికి రైట్ మళ్లీ బాణీల్లోనూ పాలుపంచుకున్నాడు. నలుగురూ చివరిసారి కలిసి వాయించింది 2005లో, లైవ్ 8 వేదికపై.

తేడా తెలియాలంటే 1967, 1973, 1983 (రైట్ లేనిది), 1994 ఆల్బమ్‌లను వరసగా వినండి.