తొందరగా నీరసించిన బ్యాటరీ: కొన్న రైతుకు గల హక్కు



ఇందుకూరుపేట ప్రాంతమువారికి కార్తీక మార్గశిర మాసములనగా తుపానుల భయము. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటిన మిచాంగ్ తుపాను, అంతకుముందే మన నెల్లూరు తీరమును గాలివానలతో కల్లోలపఱచినది. అట్టి రాత్రులందు కరెంటు పోయినపుడు ఇంటికి దిక్కు ఛార్జింగు దీపమే. ఆరు గంటలు వెలుగునని చెప్పి అమ్మిన దీపము, కొన్న నాలుగు నెలలకే అరగంటలో కొడిగట్టినచో ఏమి చేయవలెను? పొలమున మందు కొట్టు బ్యాటరీ స్ప్రేయరు రెండు డబ్బాలకే నిలిచిపోయినచో ఎవరి నడుగవలెను? పెక్కుమంది "మన ఖర్మము" అని మూల బడవేసి, మరల డబ్బిచ్చి క్రొత్తది తెచ్చుకొనుచున్నారు. ఇది తగదు. చట్టము కొన్నవానికి హక్కు నొసగినది. ఆ హక్కు ఎట్టిదో, దానిని నిలుపుకొను మార్గమేదో ఈ పాఠమున వివరించుచున్నాము.

సహజ క్షీణత, లోపము

మొదట నొక న్యాయమైన మాట. ఏ బ్యాటరీయు శాశ్వతము కాదు. ఛార్జి చేసి వాడినకొలది దాని శక్తి కొంచెము కొంచెముగా తగ్గుచునే యుండును. రెండు మూడేండ్లు పనిచేసి తగ్గిన దానిని లోపమనుట ధర్మము కాదు. చెప్పిన కాలములో చిన్న భాగమైనను గడువక మునుపే చచ్చినది మాత్రము లోపము గలదిగా నుండవచ్చును.

వాడుకలోని తప్పును కూడ చూచుకొనవలెను. సీసపు బ్యాటరీని పూర్తిగా దిగిపోనిచ్చి నెలల తరబడి అట్లే యుంచినచో, లోపలి పలకలపై ఉప్పు వంటి పొర గట్టిపడి, అది మరల ఛార్జి పట్టదు. కావున పని లేని దినములందును నెలకొకమారు నిండ ఛార్జి చేయవలెను. లిథియము బ్యాటరీకి వేడిమి శత్రువు. దానిని రేకుల షెడ్డులోగాని, ఎండలోగాని ఉంచరాదు. చాలకాలము వాడనిచో సగము ఛార్జితో చల్లని చోట నుంచుట మేలు.

బ్యాటరీపై 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు అని వ్రాసియుండును. 2 ఆంపియర్లు తీసికొను యంత్రమునకు లెక్కప్రకారము అది 4 గంటలు రావలెను. వాస్తవమున కొంత తగ్గుట సహజము. గంటకే నిలిచినచో సందేహింపవలసినదే.

చట్టము చెప్పునది

1930వ సంవత్సరపు సరుకుల విక్రయ చట్టమునుబట్టి, వ్యాపారి అమ్ము సరుకు సాధారణముగా అమ్మకమునకు తగిన నాణ్యము కలదై యుండవలెను. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులు వచ్చిన 2019వ సంవత్సరపు చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము సరుకునకు బిల్లు ఈయకపోవుట అక్రమ వ్యాపార పద్ధతి. లోపము గల సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొననని నిరాకరించుటయు అట్టిదే. లోపము రుజువైనచో కమిషను దానిని బాగుచేయుమనియు, మార్చి యిమ్మనియు, వెల తిరిగి యిమ్మనియు, నష్టపరిహారము చెల్లింపుమనియు ఆజ్ఞాపింపవచ్చును.

"స్ప్రేయరు వ్యవసాయమునకు కొన్నది గదా, రైతు వినియోగదారుడగునా?" అని కొందఱు శంకింపవచ్చును. వ్యాపార నిమిత్తము కొన్నవానిని చట్టము మినహాయించును. అయితే స్వయంగా పనిచేసి జీవనము గడపుకొనుటకై కొన్నవానిని అట్లు మినహాయింపదు. జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును జరిగిన వ్యాజ్యమున, విత్తనములు కొన్న రైతు వినియోగదారుడే యని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పినది. రైతు కొన్న విత్తనమంతయు చల్లివేయును గాన, పరీక్షకై కొంత దాచియుంచలేదని అతనిని తప్పుపట్టరాదనియు ఆ తీర్పు తెలిపినది. బ్యాటరీ సంగతి వేఱు. అది మన చేతనే యుండును. కాబట్టి దానిని విప్పక, ఎవరిచేతను బాగుచేయింపక, ఉన్నది ఉన్నట్లు ఉంచుటయే గొప్ప సాక్ష్యము.

చేయవలసిన పని

కొన్ననాడే బిల్లు అడిగి తీసికొనుడు. గ్యారంటీ కార్డుపై తేదీయు, దుకాణపు ముద్రయు వేయించుడు. దీపమునకు ఏడాది గ్యారంటీ యుండియు, లోపలి బ్యాటరీకి ఆరు నెలలే యుండవచ్చును. ఆ వాక్యమును కొనక మునుపే చదువుడు. బలము తగ్గినట్లు తోచిన దినము మొదలుకొని, ఎన్ని గంటలు ఛార్జి చేసితిమో, ఎంతసేపు వెలిగెనో ఒక కాగితముపై వారము దినములు వ్రాయుడు. పిమ్మట దుకాణదారునికిని, తయారుచేసిన కంపెనీకిని వ్రాతమూలముగా తెలియజేసి, ఆ నకలు ఉంచుకొనుడు. నోటిమాట నిలువదు.

జవాబు రానిచో 1915 అను జాతీయ సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. అక్కడను తీరనిచో నెల్లూరిలోని జిల్లా వినియోగదారుల కమిషను కలదు. సరుకు చెన్నపట్టణమునగాని హైదరాబాదునగాని కొన్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వెల 5 లక్షల రూపాయల వఱకు రుసుము లేదు. వకీలు ఉండి తీరవలెనను నియమము లేదు. వ్యాజ్య కారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు కావలెను. ఎదుటివారికి నోటీసు అందిన 3 నెలలలో, సరుకును పరీక్షింపవలసి యున్నచో 5 నెలలలో, సాధ్యమైనంతవఱకు తీర్పు చెప్పవలెనని చట్టము. ఆలస్యము కాదని మేము మాట యీయజాలము. కాని కాగితములు సరిగా నున్నవాని పని సులభమగును.

ఒకే రకపు సరుకు కొని నష్టపడినవారు పలువురున్నచో, కమిషను అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయవచ్చును. సహకారము యొక్క బలమును చూపదగిన చోటు ఇదియే. సభ్యులు తమ బిల్లులను, వ్రాసికొన్న లెక్కలను ఒకచోట సరిచూచుకొన్నచో, ఒక్కని మాటగా త్రోసివేయబడునది పదిమంది సాక్ష్యమగును.

చచ్చిన బ్యాటరీని కాలువలో పాఱవేయకుడు. అందలి సీసము, ఆమ్లము నీటికిని పశువులకును విషము. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిది. దుకాణమున తిరిగి యిచ్చుడు. అయితే ఫిర్యాదు తీరువఱకు దానిని భద్రముగా నుంచుకొనుడు.

ధాన్యము తూచునపుడు కాటా మీది ముల్లును చూడక సంచి వదలని మన రైతు, అదే చూపును దీపము కొనునపుడును చూపవలెను. మూడువందల రూపాయల దీపమైనను అది చెమటోడ్చి సంపాదించిన సొమ్ము. బిల్లు దాచుట ఆ సొమ్మునకు కాపలా.