నీటి నమూనాల పరీక్షయందు పోషకద్రవములును ఉష్ణమానమును

పురపాలక సంఘమునుండి గాని తాలూకా కచేరీనుండి గాని నీటినమూనా వచ్చినప్పుడు ప్రయోగశాలవారు సీసాలోని సూక్ష్మజీవులను నేరుగా లెక్కింపరు. వానికి ఆహారమిచ్చి, తగిన వెచ్చదనమున నుంచి, పెరిగినవానినే చూతురు. కావున 'కానరాలేదు' అను నివేదికకు, ఆ యాహారమునందు ఆ వేడిమియందు ఏదియు పెరుగలేదని మాత్రమే యర్థము. ఒక బావిని మూయుటయు తెఱచియుంచుటయు ఈ మాటపై నాధారపడును గనుక అధికారులు దీనిని గుర్తెఱుంగవలసియున్నది.

జర్మనీ దేశమున రాబర్ట్ కోఖ్ మొదట జెలటినుతో గట్టిపఱచిన పోషకద్రవముపై సూక్ష్మజీవులను పెంచుచుండెను. జెలటిను మనుష్యశరీరపు వేడిమియైన 37 డిగ్రీల సెంటిగ్రేడునందు కరగిపోవును; మన వేసవిలో బల్లమీదనే కరగును. కోఖ్ ప్రయోగశాలలో పనిచేసిన హెస్సె గారి భార్య ఫానీ హెస్సె, వంటకములలో వాడు అగరు అను సముద్రపునాచు సారమును 1881లో సూచించెను. అది మరుగునీటి వేడిమికి సమీపమున కరగి, 40 డిగ్రీలకు దిగునప్పటికి గడ్డకట్టును. వంటింటి తెలివి శాస్త్రమున కింత మేలు చేసిన సందర్భములు అరుదు.

నీటిపరీక్షకు మెకాంకీ ద్రవము చిరకాలముగా వాడుకలో నున్నది. ఇందులో పైత్యలవణములుండును. ప్రేవులలో వసించు జీవులు పైత్యమున కలవాటుపడినవి. మట్టిలోని పెక్కుజీవులు అందు పెరుగలేవు. పాలచక్కెరయు నుండును. దానిని పులియజేయు జీవియున్నచో ద్రవము రంగు మారును, లోపల బోర్లించిన చిన్ననాళములో వాయువు నిలుచును. 37 డిగ్రీలయందు రెండుదినము లుంచగా వచ్చిన ఈ గురుతు అనుమానమునకే చాలును. 44 డిగ్రీలయందును వాయువు పుట్టి, ఇండోలు పరీక్షయు కుదిరినచో మనుష్యుల మలమో పశువుల మలమో నీట కలిసినదని తలపవలెను. మట్టిజీవికిని మలజీవికిని తీర్పు ఈ ఏడు డిగ్రీలలో నున్నది.

కలరా జీవికి వేఱు భోజనము. అది ఆమ్లమును సహింపదు, క్షారమును సహించును. క్షారపు పెప్టోను నీటిలో 37 డిగ్రీలయందుంచిన 6 మొదలు 8 గంటలలో పైపొరకు చేరును. ఆలస్యమైనచో ఇతరజీవులు దానిని మించిపోవును. మెకాంకీ పరీక్ష బాగుగా వచ్చినంతమాత్రమున కలరా జీవి లేదని యెంచరాదు. ఊరిలో అట్టి యనుమానమున్న పక్షమున నమూనాతో పంపు పత్రమునందే ఆ సంగతి వ్రాయవలెను.

ఇక సీసా మాట. మలజీవి మంచి యాహారమున 37 డిగ్రీలయందు సుమారు 20 నిమిషముల కొకసారి రెండగును. ఆ లెక్కను ఒక్కజీవి 7 గంటలలో 20 లక్షలు దాటును. బావినీటిలో నంత యాహారము లేదు. కొన్ని పెరుగును, కొన్ని చచ్చును, ఎన్నియో పిమ్మట చెప్ప నెవ్వరికిని తరముకాదు. రైలుస్టేషనులో ఎండను పడియున్న సీసా బావిసంగతి చెప్పజాలదు. మంచుపెట్టెలో పంపినచో పెరుగుదల నిలుచును. అయితే మంచుకరగిన నీరు సీసామూతిని ముంచకుండ చూడవలెను. 6 గంటలలో చేర్చుట మేలు, 24 గంటలు మించరాదు. క్లోరిను కలిపిన కొళాయినీటికి సోడియం థయోసల్ఫేటు వేసిన సీసానే వాడవలెను. లేనిచో క్లోరిను దారిలోనే పనిచేసి, కొళాయివద్ద బ్రతికియున్న జీవులను చంపును, చెడునీరు మంచినీరని నివేదిక వచ్చును. ఆ సీసాను పట్టుటకు ముందు కడుగరాదు. చీటిమీద నమూనా పట్టిన గంటయు, మంచులో నుంచిన గంటయు వేఱువేఱుగా వ్రాయవలెను.