దూరయంత్ర ప్రవేశము: తెర అడుగు తొలి ప్రశ్న

వరంగల్లులోని విద్యార్థి సంగారెడ్డి జిల్లా కంది యందలి ఐ.ఐ.టి. హైదరాబాదు వారి ‘పరమ్ సేవ’ సూపర్ కంప్యూటరుపై లెక్కలు వేయవలెనన్న, తగిన అనుమతి పొందిన పిదప, అంతదూరము పోనక్కరలేదు. తన కంప్యూటరులో టెర్మినల్ తెరచి ఒక్క పంక్తి ఆజ్ఞ నిచ్చిన చాలును. మొదట ఎస్.ఎస్.హెచ్. అను మూడక్షరములు, కొంత ఖాళీ, పిదప అచ్చటి మన ఖాతా పేరు, ‘ఎట్’ గుర్తు, ఆ యంత్రపు చిరునామా.

పూర్వము ఈ పనికి టెల్‌నెట్ వాడెడివారు. అందు పాస్‌వర్డు పోస్టుకార్డుపై వ్రాత వలె దారి పొడవునా బట్టబయలుగా పోయెడిది. 1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులను కాజేయగా, అచ్చటి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను రచించెను. నేడు విరివిగా వాడుకలోనున్న ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. 1999లో వెలువడినది. ఇందు రెండు యంత్రములును ముందుగా ఒక రహస్యపు తాళపుచెవిని కల్పించుకొనును. ఆ తాళపుచెవి మాత్రము తీగపై ఎన్నడును ప్రయాణింపదు. ఆ తరువాతనే మన పాస్‌వర్డు గూఢలిపిలో బయలుదేరును.

ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే మాటలు రహస్యముగా సాగుట వేరు, మాటలాడునది ఎవరో తెలియుట వేరు. తొలిసారి పోయినపుడు టెర్మినల్ మనకు ఆ యంత్రపు ‘వేలిముద్ర’ను చూపి, కొనసాగింతువా యని అడుగును. అది 43 అక్షరముల వరుస. మనలో నూటికి తొంబదిమంది దానిని చదువకయే ‘ఎస్’ అని కొట్టుదురని మా అనుమానము. రిజిస్ట్రేషను కచేరీలో వేలిముద్రను సరిచూడక భూమి కొందుమా? నడుమ మరొక యంత్రము మారువేషమున నిలిచినచో, మన పాస్‌వర్డు మిక్కిలి భద్రముగా దొంగచేతికే అందును!

ఒకసారి ఒప్పుకొన్న పిదప ఆ యంత్రపు బహిరంగ తాళపుచెవిని మన కంప్యూటరు ‘నోన్ హోస్ట్స్’ అను ఫైలులో దాచుకొనును. మరునాడు ముద్ర మారినచో పెద్ద హెచ్చరిక చేయును. యంత్రమును క్రొత్తగా సిద్ధపరచినను ఇట్లు జరుగవచ్చును. కాని ఫైలులోని పంక్తిని తుడుచుటకు ముందు నిర్వాహకునికి ఫోను చేసి అడుగవలెను.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపము: మన సర్వరు వేలిముద్రను కాగితముపై ముద్రించి ప్రయోగశాల గోడకు అతికింపుడు. సూచన ఉర్దూ, తెలుగు రెండింటను ఉండవచ్చును. ముద్రను మాత్రము పెద్ద, చిన్న ఆంగ్లాక్షరముల భేదము తప్పక అచ్చువేయవలెను.