చలికాలం - చిట్టి చేతులు

మీ ఇంట్లో మూడు నాలుగేళ్ళ తమ్ముడో, చెల్లెలో ఉన్నారా? అయితే చలికాలంలో ఒక రోజు వాళ్ళ చేతుల్ని వెలుతురులో పరీక్షగా చూడండి. చేతి వెనుక భాగం గరుకుగా తగులుతుంది. వేళ్ళ కణుపుల దగ్గర సన్నని పగుళ్ళు, తెల్లని పొట్టు కనబడతాయి. నీళ్ళు తగిలితే చాలు, "మంట!" అని ఏడుస్తారు. అన్నానికి ముందు చేతులు కడగబోతే పారిపోతారు. అమ్మ కొబ్బరినూనె రాస్తుంది. కాసేపటికి మళ్ళీ మామూలే!

నూనె రాసినా చేతులు ఎందుకు పొడిబారుతున్నాయి? జవాబు తెలియాలంటే ముందు చర్మం సంగతి తెలుసుకోవాలి.

చర్మం ఒక గోడ

మన చర్మంలో అన్నిటికన్నా పైనున్న పొర మృతకణాలతో ఏర్పడింది. చేతి వెనుక భాగంలో దీని మందం మామూలు కాగితం మందం కన్నా తక్కువే. ఈ పొరను ఒక ఇటుక గోడతో పోల్చవచ్చు. కణాలు ఇటుకలు. వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం. శరీరంలోని నీరు బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఈ గోడ కాపాడుతుంది.

ఇటుకల్లో కూడా కొంత నీరు ఉంటుంది. చర్మం మెత్తగా, సాగేటట్లు ఉండేది ఆ నీటివల్లనే. అది సుమారు పది శాతం కన్నా తగ్గితే పొర పెళుసెక్కుతుంది. వేళ్ళు ముడిచినప్పుడల్లా పగులుతుంది.

ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1952లో ఒక ముఖ్యమైన విషయం ప్రకటించాడు. ఎండి గట్టిపడిన చర్మపు ముక్కల్ని నూనెల్లో నానబెడితే అవి మెత్తబడలేదు. నీరు తగిలితేనే మెత్తబడ్డాయి. అంటే చర్మానికి మెత్తదనం ఇచ్చేది నూనె కాదు, నీరు అన్నమాట!

మంచు కురిసినా గాలి పొడేనా?

"చలికాలం తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది కదా, అప్పుడు గాలిలో తేమ ఎక్కువే కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 9 గ్రాముల నీటి ఆవిరినే ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల దగ్గర అదే గాలి సుమారు 30 గ్రాములు ఇముడ్చుకోగలదు. చల్లని గాలి మన వెచ్చని చర్మాన్ని తాకి వేడెక్కగానే దానికి "దాహం" వేస్తుంది. ఆ దాహం తీర్చుకోవడానికి చర్మంలోని నీటిని పీల్చుకుంటుంది. ఆదిలాబాదులోనైనా, అరకులోయలోనైనా జరిగేది ఇదే.

పసిపిల్లల్లో ఈ పై పొర పెద్దవాళ్ళకన్నా పలచన. చిన్నతనంలో చర్మంలోని తైలగ్రంథులు తయారుచేసే నూనె కూడా తక్కువే. పైగా వాళ్ళు రోజంతా మట్టిలో, నీళ్ళలో ఆడతారు. ఆ మురికి వదలడానికి మనం వేడినీళ్ళు, బట్టలసబ్బు వాడితే గోడలోని సున్నం, అంటే కొవ్వు, కొట్టుకుపోతుంది.

ఏం చేయాలి?

నూనె, పెట్రోలియం జెల్లీ వంటివి ముఖ్యంగా మూతలా పనిచేస్తాయి. నీటిని బయటికి పోనివ్వవు. కాని ఖాళీ కుండకు మూత పెడితే కుండలోకి నీళ్ళు వస్తాయా? రావు. అమ్మ పొడి చేతులకు రాసిన నూనె అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ముందు నీరు, తరవాత మూత.

గోరువెచ్చని నీళ్ళతో, కొద్దిగా ఒంటిసబ్బుతో చేతులు కడగండి. సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోయండి. మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే పెట్రోలియం జెల్లీ గాని, కొబ్బరినూనె గాని పలచగా రాయండి. చలికి నూనె గడ్డకట్టిందా? మీ అరచేతుల మధ్య రుద్దితే కరుగుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకసారి రాయండి. పొట్టును గోటితో గిల్లకండి. సున్నిపిండితో తోమకండి. పగుళ్ళమీద నిమ్మరసం పూయకండి.

ఒక్క మాట మరచిపోకండి. మండుతుందని చేతులు కడగడం మానిపించకూడదు. మురికి చేతులతో అన్నం తింటే విరేచనాలవంటి జబ్బులు వస్తాయి. పగుళ్ళలోంచి రక్తం గాని, రసి గాని కారుతున్నా, వాపు ఉన్నా, రాత్రిళ్ళు వేళ్ళసందుల్లో విపరీతంగా దురద పెడుతున్నా డాక్టరుకు చూపించాలి. అవి వట్టి చలిపగుళ్ళు కాకపోవచ్చు.

మీరే చేసి చూడండి

బాగా ఎండిన విస్తరాకు నుంచి మూడు ముక్కలు తీసుకోండి. ఒకటి నీళ్ళలో, ఒకటి నూనెలో రాత్రంతా ఉంచండి. మూడోది అలాగే వదిలేయండి. పొద్దున మూడింటినీ మెల్లగా మడవండి. ఏది మెత్తగా వంగింది? ఏది పెళుసున విరిగింది? విస్తళ్ళు వేసే ముందు మన పెద్దవాళ్ళు వాటిమీద నీళ్ళు ఎందుకు చిలకరిస్తారో మీకే తెలుస్తుంది. తరవాత మీ చెల్లెలినో, తమ్ముణ్ణో పిలిచి చేతులు కడగండి. ఈసారి చెమ్మ ఆరకముందే నూనె రాయండి!