తుఫాను రాకముందే: రోగి ఉన్న ఇంట్లో ఏమేమి సిద్ధంగా ఉండాలి?



కొన్నేళ్ల క్రితం ఒక తుఫాను వెళ్లిపోయిన నాలుగవ రోజున, సముద్రతీరపు ఊరి నుండి ఒక పెద్దాయనను మంచం మీద మోసుకొచ్చారు. ఆయనకు చాలాకాలంగా షుగరు వ్యాధి ఉంది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటారు. మా వార్డుకు వచ్చేసరికి ఊపిరి వేగంగా తీస్తున్నారు, పిలిస్తే సరిగా పలకడం లేదు.

"ఇన్సులిన్ వేస్తున్నారా బాబూ?" అని కుమారుణ్ణి అడిగాను.

"లేదు సిస్టరమ్మా. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది గదా, మందు చెడిపోయి ఉంటుందని పారేశాం" అన్నాడు.

ఆ ఇంట్లో బియ్యం బస్తా అటక మీద భద్రంగానే ఉంది. పప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు అన్నీ ఉన్నాయి. వారు అజాగ్రత్తపరులు కారు. ఇన్సులిన్ ఫ్రిజ్ లేకపోయినా కొన్ని వారాలు పనిచేస్తుందని వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసినవారం మేమే. పెద్దాయన కోలుకుని ఇంటికి వెళ్లారు గాని, ఆ రోజు నుండి డిశ్చార్జి అయ్యే ప్రతి కుటుంబానికీ ఈ పాఠం చెబుతున్నాను.

ఎందుకు దాచుకోవాలి?

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమ తుఫాను మన పెద్దలకు ఇంకా గుర్తే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, పెద్ద నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, చుట్టూ నీళ్లున్నా తాగడానికి నీళ్లు లేక జనం మేడల మీద ఎదురుచూశారు.

ఈనాడు తుఫాను హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే అందుతున్నది. కాని వరద అంత వ్యవధి ఇవ్వకపోవచ్చు. సహాయం చేరేవరకు కనీసం మూడు రోజులు మన ఇల్లు మనమే నెట్టుకురావాలి. మామూలు ఇంటికి ముందు బియ్యం గుర్తుకొస్తుంది. రోగి ఉన్న ఇంటికి మాత్రం ముందు మందులు, తరువాత నీళ్లు, ఆ తరువాత తిండి.

1. మందుల సంచి

రోజూ వాడే మందులు ఎప్పుడూ రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఉండేటట్లు చూసుకోండి. చివరి అట్టలోకి వచ్చాక కొనే అలవాటు మానండి. ఫిట్స్, బి.పి., గుండె, ఉబ్బసం, మానసిక వ్యాధుల మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. టి.బి. మందులు వాడేవారు హెచ్చరిక రాగానే ఆరోగ్య కార్యకర్తను అడిగి ముందుగా తెచ్చుకోవాలి.

*ఇన్సులిన్:* వాడుతున్న సీసాను ఎండ తగలని చల్లని చోట ఉంచితే సాధారణంగా నాలుగు వారాల వరకు పనిచేస్తుంది. సీసాను పాలిథిన్ కవరులో మూటకట్టి చిన్న మట్టి ముంతలో పెట్టండి. ఆ ముంతను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో ఉంచి, పైన తడి గుడ్డ కప్పండి. ఇసుక ఆరిపోకుండా చూడండి. ఐసుగడ్డ మీద మాత్రం పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. నీళ్లలా తేటగా ఉండవలసిన మందు మసకబారినా, పాలలా ఉండే రకంలో ఉండలు కట్టినా వాడకండి.

*డయాలసిస్ రోగులు:* తుఫాను హెచ్చరిక వినగానే డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, వంతు ముందుకు జరపగలరేమో అడగండి. దారి మూసుకుపోయాక ఏమీ చేయలేము.

*ఆక్సిజన్ యంత్రం వాడేవారు:* అది కరెంటుతో నడుస్తుంది. నిండు సిలిండరు ముందే ఏర్పాటు చేసుకోండి. దాని దగ్గర కొవ్వొత్తి, దీపం వెలిగించరాదు.

*నెలలు నిండిన గర్భిణీ స్త్రీలు:* వీరికి ఇంట్లో ఎంత దాచినా చాలదు. హెచ్చరిక రాగానే ఆసుపత్రికి దగ్గరగా చేర్చడమే క్షేమం.

మందుల చీటీ నకలు, ఆధార్, ఆరోగ్య కార్డు, కొంత చిల్లర డబ్బు నీరు చొరని కవరులో పెట్టి ఈ సంచిలోనే ఉంచండి. ఏ.టి.ఎం.లు పనిచేయకపోవచ్చు.

2. నీళ్లు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు లెక్క వేయండి. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు. శుభ్రంగా కడిగిన మూత ఉన్న బిందెలు, క్యానులు హెచ్చరిక రోజునే నింపండి. చేయి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి.

వరద తాకిన బావి, బోరు నీళ్లు అలాగే తాగరాదు. బట్టతో వడకట్టి, తెర్లేవరకు కాచి, ఆపైన ఒక నిమిషం మరగనివ్వండి. కాచే వీలులేకపోతే క్లోరిన్ బిళ్ల వేయండి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్ల అన్నది అట్ట మీద చూసి, వేసిన తరువాత అరగంట ఆగి తాగండి.

ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఓ పది ఉంచండి. లీటరు నీళ్లకు కలిపే పెద్ద పొట్లమయితే, పొట్లమంతా ఒకేసారి కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలినది పారబోయండి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా.

3. తిండి

పొయ్యి వెలిగించకుండా తినగలిగినవే దాచండి. అటుకులు, మరమరాలు, పుట్నాల పప్పు, వేయించిన వేరుశనగలు, బెల్లం, బిస్కెట్లు చాలు. పెద్దవారికి రోజుకు దాదాపు అర కిలో పొడి తిండి పడుతుంది. గాలి చొరని డబ్బాల్లో పోసి, ఎత్తయిన చోట పెట్టండి.

కాని రోగికి అన్నీ పడవు:

• షుగరు రోగి బెల్లం, తీపి బిస్కెట్లతో కడుపు నింపకూడదు. పుట్నాలు, అటుకులు కొద్దికొద్దిగా ఇవ్వండి. అయితే మందు వేసుకుని తిండి దొరకక చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి.

• బి.పి., గుండె, కిడ్నీ రోగులకు ఊరగాయ, ఎండుచేపలు, అప్పడాలు వద్దు. కిడ్నీ రోగికి కొబ్బరినీళ్లు, అరటిపండ్లు కూడా డాక్టరును అడగనిదే ఇవ్వరాదు.

• పాలు తాగే బిడ్డకు తల్లిపాలే ఇవ్వండి. వరద రోజుల్లో పాలపొడి, సీసా వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. తల్లికి తిండి, నీళ్లు ముందుగా అందేటట్లు ఇంటివారు చూడాలి.

డబ్బు లేదే అనుకునేవారికి

ఒక్కరోజులో అన్నీ కొననక్కరలేదు. వండేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. అలాగే వారానికి ఒక వస్తువు చేర్చండి. నెలకొకసారి డబ్బాలు తెరిచి, పాతవి వాడి, కొత్తవి పోయండి. మందుల గడువు తేదీ చూడండి. అవసరానికి మించి కొని దాచకండి. దుకాణంలో చివరి పాల ప్యాకెట్టు పక్కింటి పసిబిడ్డకు కావలసి ఉండవచ్చు.

అధికారులు ఇల్లు ఖాళీ చేయమంటే దాచుకున్న వస్తువుల కోసం ఆగకండి. మందుల సంచి ఒక్కటి తీసుకుని రోగితో బయలుదేరండి. అత్యవసరమయితే 108కి గాని, 112కి గాని ఫోను చేయండి.

ఇంటికి వెళ్లేముందు నర్సును అడగవలసిన మూడు ప్రశ్నలు

1. ఈ మందుల్లో ఒక్కరోజు కూడా ఆపకూడనిది ఏది?

2. కరెంటు లేకపోతే ఏ మందును ఎలా దాచాలి?

3. మామూలు భోజనం దొరకని రోజున మా రోగికి ఏమి పెట్టవచ్చు, ఏమి పెట్టరాదు?

జవాబులు చీటీ వెనుక రాయించుకోండి. ఎంత పనిలో ఉన్నా అడగడానికి మొహమాటపడకండి. ఆ పెద్దాయన ఇంటివారు అడిగి ఉంటే, మేము చెప్పి ఉంటే, ఆయన మంచం మీద మా వార్డుకు వచ్చేవారు కాదు.