పలక మీద నాలుగు గళ్ళు

మిరప తోటలో కలుపు తీస్తుండగా ఒకామెను పాము కరిచింది. చుట్టూ పదిమంది చేరారు. అందులో ఒకరు గట్టిగా చెబుతున్నారు: "ఫలానా ఊళ్ళో పెద్దాయన దగ్గరికి తీసకపోండి. మా బామ్మర్దికి ఆయనే పసరు పోసినాడు. తెల్లారేసరికి లేచి కూర్చున్నాడు." ఆ మనిషి అబద్ధం ఆడటం లేదు. బామ్మర్ది నిజంగానే బతికి ఉన్నాడు. నల్లమల అంచున కొమరోలు, గిద్దలూరు పల్లెల్లో ఇలా సాక్ష్యం చెప్పేవాళ్ళు ఏ రచ్చబండ దగ్గరైనా దొరుకుతారు. మీకు ఇరవై ఏళ్ళు. ఆ గుంపులో అందరికంటే చిన్నవాళ్ళు. ఏం చేస్తారు?

"అది ఎట్లా తెలిసింది పెద్దాయనా?" అని మర్యాద తప్పకుండా, గొంతు వణక్కుండా అడగగలిగితే, మీకు పుస్తకాలు నేర్పని గుణం ఒకటి ఉన్నట్టే. ఆ గుణాన్ని పెంచుకోవడం ఎలాగో చెబుతాను.

ఒక మార్కాపురం పలక తీసుకోండి. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయండి. నాలుగు గళ్ళు వచ్చాయి. మొదటి గడిలో పసరు తాగి బతికినవాళ్ళు. రెండో గడిలో పసరు తాగినా పోయినవాళ్ళు. మూడో గడిలో తాగకపోయినా బతికినవాళ్ళు. నాలుగో గడిలో తాగకుండా చనిపోయినవాళ్ళు. బామ్మర్ది మొదటి గడిలో ఉన్నాడు. ఊరి మాటలన్నీ ఆ ఒక్క గడినే నింపుతాయి. రెండో గడిలోని వాళ్ళు రచ్చబండ దగ్గరికి వచ్చి చెప్పలేరు. వాళ్ళ గురించి "ఆలస్యంగా తెచ్చినారు", "ఆయుష్షు తీరింది" అని సరిపెట్టేస్తాం. అసలు కీలకం మూడో గడి. మన దగ్గర కనిపించే పాముల్లో ఎక్కువ వాటికి ప్రాణం తీసే విషం లేదు. జెర్రిపోతు కరిచినా, నీరుకట్టె కరిచినా మనిషి చావడు. నాగుపాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కాటు వేసి వదిలేస్తుంది. అలాంటి కాటు తిన్నవాళ్ళకి మంచినీళ్ళు పోసినా తెల్లారేసరికి లేచి కూర్చుంటారు. ఈ మూడో గడి నిండనంతవరకు మొదటి గడిలో వందమంది ఉన్నా అది రుజువు కాదు.

నిజంగా విషం ఎక్కినవాళ్ళకి మందు ఉంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి చేస్తారు. మన దేశంలో వాడే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది. కాబట్టి ఆ మిరప తోటలో మీ పని ఇది. ఆమెను కదలనివ్వకండి. కాటుపడ్డ చెయ్యి అయితే గాజులు, ఉంగరాలు తీసేయండి. గట్టిగా తాడు కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. పామును వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న బండి మీద ఆస్పత్రికి బయల్దేరండి.

బండి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. నేపాల్‌లో దమక్ చుట్టుపక్కల పల్లెల్లో మోటారు సైకిళ్ళున్న యువకులు వాలంటీర్లుగా చేరి, పాము కరిచినవాళ్ళను వెంటనే చికిత్స కేంద్రానికి చేర్చడం మొదలుపెట్టారు. అంతకుముందు కాటుపడ్డవాళ్ళలో నూటికి 10.5 మంది చనిపోయేవారు. ఆ తర్వాత అది 0.5కి పడిపోయింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. దారి తెలిసిన కుర్రాళ్ళు, పెట్రోలు ఉన్న బండ్లు, ఎటు పోవాలో ముందే తేల్చుకున్న ఊళ్ళు, అంతే. కొమరోలులో బండి లేని వీధి ఉందా?

రుజువు అడగడం నాటువైద్యుడి ముందే తప్ప పెద్ద డాక్టర్ల ముందు కుదరదని అనుకోకండి. ఒకప్పుడు క్షయ వస్తే శానటోరియం అనే ప్రత్యేక ఆస్పత్రికి పోవాల్సిందే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915 నుంచి అలాంటి రోగులను చేర్చుకుంది. మంచిగాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి లేకుండా క్షయ తగ్గదని గొప్ప గొప్ప డాక్టర్లు నమ్మారు. 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టి ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. 193 మంది పేద రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియంలో, ఇంకో జట్టు తమ ఇరుకు ఇళ్ళల్లోనే. మందులు మాత్రం రెండు జట్లకూ అవే. ఇంట్లో ఉన్నవాళ్ళ తిండి అంతంతమాత్రం, విశ్రాంతి తక్కువ. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంటి దగ్గర మందులు వాడినవాళ్ళకూ దాదాపు అంతే నయమైంది. ఆ ఫలితం తర్వాత ప్రపంచమంతా క్షయకు ఇంటి వైద్యం వైపు మళ్ళింది. ఇవాళ మన ఊరి రోగి ఇంట్లోనే మాత్రలు వేసుకుని కోలుకుంటున్నాడంటే, ఆనాడు ఎవరో నాలుగు గళ్ళనూ నింపి చూశారు కాబట్టే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. నాకు అన్నిటికంటే బాధ కలిగించే లెక్క ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఆ లెక్కలో దేశంలోకెల్లా మనమే ముందున్నాం. కడుపునొప్పి అనో, తెల్లబట్ట అనో, నెలసరి ఎక్కువవుతోందనో పోతే "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్న మాటకు తల ఊపిన అక్కలు, అమ్మలు ఎందరో. అండాశయాలు కూడా తీసేస్తే ముందే ముట్లుడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే, ప్రాణం నిలుపుతుంది. ఏది అవసరమో తేల్చడానికి అడగాలి.

అమ్మతో పాటు మీరూ లోపలికి వెళ్ళండి. "డాక్టర్ గారూ, ఇప్పుడు తీయించకపోతే ఏమవుతుంది?" అని అడగండి. అదే మూడో గడి. "మందులతో కొన్నాళ్ళు చూడొచ్చా? క్యాన్సర్ అన్నారు, ఏ పరీక్షలో కనబడింది? తీయించాక ఎలాంటి ఇబ్బందులు రావచ్చు? రిపోర్టులు ఇస్తే ఇంకొకరికి చూపించుకుని వస్తాం" అనండి. కోపం అక్కర్లేదు, అనుమానపు చూపు అక్కర్లేదు. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు. విసుక్కుంటే, ఆ ఇంకొకరి దగ్గరికి తప్పక వెళ్ళండి.

ఇంకొకటి మిగిలింది. ఏ జబ్బు మనల్ని ఎంత పీడిస్తోందో తెలియకుండా ఏ వైద్యానికి ఎంత ఖర్చు పెట్టాలో తేలదు. పాముకాటు మరణాలు చాలాకాలం ఆస్పత్రి రికార్డుల్లో కొద్దిగానే కనిపించేవి. దేశమంతటా చావు జరిగిన ఇళ్ళకు మనుషులను పంపి "ఎట్లా పోయినారమ్మా?" అని అడిగించి, ఆ వివరాలను ఇద్దరేసి డాక్టర్లతో విడివిడిగా చదివించిన అధ్యయనం 2011లో వచ్చింది. దాని అంచనా ప్రకారం 2005లో పాముకాటుకు చనిపోయినవాళ్ళు దాదాపు 46 వేలు. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 5,200, ఉత్తరప్రదేశ్ తర్వాత మనదే. ఎక్కువమంది పోయింది ఆస్పత్రి బయటే.

జబ్బును ఇలా గుర్తించి రాయడం మన నేలకు కొత్త కాదు. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో మనుషులను వంచేసే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట 1937లో గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. నీళ్ళు కాచి తాగమన్న సలహా క్రిములకు మంచిదే. ఫ్లోరైడ్ మాత్రం కాస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి సలహా మంచిదా కాదా అనడిగితే చాలదు, దేనికి మంచిదో కూడా అడగాలి.

2024 నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కాట్లు ఎక్కువ. ఈ వారమే మీ వీధి కుర్రాళ్ళు నలుగురు కూర్చోండి. విషం విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆస్పత్రిలో ఉందో, రాత్రిపూట డాక్టరు ఉంటారో లేదో మీరే వెళ్ళి కనుక్కోండి. అర్ధరాత్రి పిలిస్తే బండి తీసేదెవరో తేల్చుకుని, ఆ ఫోన్ నంబర్లు పాల కేంద్రం గోడ మీద రాయండి. ఊళ్ళో ఎవరైనా కాటుతో ఇంట్లోనే పోతే, ఆ మాట ఆశా కార్యకర్తకు చెప్పి, రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో చూసి రండి.