సి ప్రోగ్రామ్‌లో కోడ్ అచ్చులు

ప్రశ్న: సి ప్రోగ్రామ్‌లో కోడ్ అచ్చులు (టెంప్లేట్లు) ముందే ఉంచుకుని, రన్ టైమ్‌లో విలువలు నింపి నడపడం కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. 1996లోనే ఎంఐటీలో ఎంగ్లర్ బృందం దీనికోసం ‘టిక్ సి’ అని సి భాషను పొడిగించింది. అందులో బ్యాక్‌కోట్ పెట్టిన ముక్క వెంటనే నడవదు; డాలర్ గుర్తున్న చోట అప్పటి విలువ స్థిరాంకంగా కూర్చున్నాకే మెషీన్ కోడ్ తయారవుతుంది.

మామూలు సి చాలనుకుంటే ‘కాపీ అండ్ ప్యాచ్’ పద్ధతి చూడండి. చిన్న ఫంక్షన్ రాసి, విలువ రావాల్సిన చోట ఎక్స్‌టర్న్ పేరు పెట్టండి. కంపైల్ చేస్తే ఏ బైట్లు నింపాలో ఆబ్జెక్ట్ ఫైల్‌లోని రీలొకేషన్ పట్టికే చెబుతుంది. ఆ బైట్లను ఎంమ్యాప్‌తో తెచ్చుకున్న మెమరీలోకి కాపీ చేసి, ఖాళీలు పూరించాలి. 2024లో వచ్చిన పైథాన్ 3.13లోని ప్రయోగాత్మక జిట్ కంపైలర్ పనిచేసేది ఇలాగే.

పక్కపక్కన రాసిన రెండు ఫంక్షన్లలో ఒకదాని అడ్రసు నుంచి మరొకదాని అడ్రసు తీసివేసి కోడ్ పొడవు లెక్కగట్టే చిట్కాను మాత్రం నమ్మకండి. కంపైలర్ వాటి వరుస మార్చేయగలదు. రాయడం పూర్తయ్యాక ఎంప్రొటెక్ట్‌తో రాత అనుమతి తీసేసి, నడిపే అనుమతి ఇవ్వండి. ఆర్మ్ ప్రాసెసర్లపై ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ కూడా శుభ్రం చేయాలి, లేకపోతే పాత కోడే నడవొచ్చు.

ఆ కోడ్ వేలసార్లు తిరగనిదైతే ఇంత శ్రమ వద్దు, మామూలు స్విచ్ స్టేట్‌మెంట్ చాలు.